కుర్చీని తిరగేసి చూడండి



ఈసారి ఎవరింటికైనా భోజనానికి వెళ్లినప్పుడు కొత్త కుర్చీ కనబడితే ఒక పని చేయండి. ఇంటివాళ్లు వంటింట్లోకి వెళ్లగానే దాన్ని మెల్లగా తిరగేసి అడుగు భాగం చూడండి. పైన నిగనిగలాడే పాలిష్, వీపు ఆనించే చోట చెక్కిన నెమలి, ఇవన్నీ అంగట్లో అమ్ముడుపోవడానికి. కాలూ పట్టీ కలిసే చోట మేకు తల కనబడుతోందా, ఇనపబద్ద పెట్టి బిగించారా, లేక చెక్కలోకి చెక్క దూరి కూర్చుందా అని చూడండి. ఆ కుర్చీ మీ మనవడి దాకా ఉంటుందా, రెండు సంక్రాంతులకే ఊగుతుందా అన్నది అక్కడ తేలిపోతుంది.

నేను చెప్పబోయేది మా మంసాపురం వైపు వడ్రంగం గురించి. తమిళనాడు విరుదునగర్ జిల్లాలో రాజపాళయం పక్కన, పడమటి కనుమల అడుగున ఉన్న ఊరది. రాజపాళయం పేరు మీలో కొందరైనా వినే ఉంటారు. విజయనగర కాలంలో దక్షిణానికి తరలిపోయి అక్కడే స్థిరపడ్డ తెలుగు రాజుల ఊరు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఊరు. ఆ పేరు చెబితే అందరికీ నూలుమిల్లులు గుర్తొస్తాయి, తెల్లటి వేటకుక్కలు గుర్తొస్తాయి, మామిడిపళ్లు గుర్తొస్తాయి. వడ్రంగం ఎవరికీ గుర్తురాదు. రావాల్సినంత పెద్ద ఫర్నిచర్ కేంద్రమూ కాదది. అయినా ఆ ఊరినే ఎందుకు పట్టుకున్నానంటే, అక్కడి గాలి వడ్రంగిని వదిలిపెట్టదు. పనిలో లోపముంటే ఏడాది తిరక్కుండా బయటపెట్టేస్తుంది.

జూన్‌లో కొండకు అటువైపు కేరళలో వానలు దంచికొడతాయి. మా వైపుకి వాన రాదు, గాలి మాత్రం వస్తుంది. కొండ దాటి దిగే ఆ గాలి పొడిపొడిగా ఉంటుంది. ఆడి నెల గాలికి సన్నికల్లు కూడా ఎగిరిపోతుందని తమిళ సామెత. ఆ గాలికి చెక్కలోని తడి ఆరిపోతుంది, పలక సన్నబడుతుంది. తర్వాత అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనం వస్తుంది. తలుపులు బిగుసుకుపోతాయి, బీరువా సొరుగు లాగితే రాదు. మళ్లీ మాఘమాసానికి అన్నీ వదులవుతాయి. చెట్టును కొట్టేసి నలభై ఏళ్లయినా సరే, చెక్క ఇలా ఏటా ఒకసారి ఉబ్బి ఒకసారి ముడుచుకుంటూనే ఉంటుంది. మేకులూ బంకా ఎంత పోసినా దీన్ని ఆపలేం. ఎటువైపు కదులుతుందో కనిపెట్టి, ఆ కదలికకు చోటిచ్చి పని చేసేవాడే వడ్రంగి. పనిముట్లు, కూర్పులు, పాలిష్‌లు అన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

ముందు చెక్క ఎక్కడిదో చెప్పుకోవాలి.

మంసాపురంలో ఏ వీధిలో నిలబడి తలెత్తినా పచ్చటి కొండ కనిపిస్తుంది. అందులో కర్ర మాత్రం వడ్రంగికి అందదు. బూడిదరంగు పెద్ద ఉడుత కోసం 1988లోనే ఆ అడవిని అభయారణ్యం చేశారు. 2021లో అది శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యంలో భాగమైంది. మంచిదే. ఆ అడవి లేకపోతే ఊరి చెరువుకు నీళ్లు లేవు. కాబట్టి చెక్క బయటి నుంచే రావాలి. తూత్తుకుడి ఓడరేవులో దిగిన విదేశీ దుంగలు, కేరళ సరిహద్దులో ఉన్న సెంగోట్టై వైపు కోతమిల్లుల్లో పలకలవుతాయి. మా వాళ్లు బండి కట్టించుకుని అక్కడికి పోతారు.

ఒకప్పుడు ఈ ప్రాంతమంతటా గొప్పింటి చెక్క అంటే బర్మా టేకే. రంగూన్‌లో వ్యాపారం చేసిన చెట్టియార్లు అక్కడి నుంచి ఓడల్లో దుంగలు తెప్పించి కారైకుడి చుట్టుపక్కల ఇళ్లు కట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1942లో జపాన్ బర్మాను ఆక్రమించడంతో ఆ దారి మూసుకుపోయింది. ఆ తర్వాత మళ్లీ వచ్చింది గానీ ఆ వైభోగం రాలేదు. 2014 ఏప్రిల్ నుంచి మయన్మార్ ప్రభుత్వం ముడి దుంగల ఎగుమతిని ఆపేసింది. ఇక మన దేశంలో, 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అడవుల్లో నరుకుడుకూ, అనుమతిలేని కోతమిల్లులకూ కళ్లెం పడింది. కేసు వేసిన గోదావర్మన్ తిరుముల్పాడ్ గారిది నిలంబూరు కోవిలకం అనే రాజకుటుంబం. 1840ల్లో మలబారు కలెక్టరు కానోలీ చాతు మేనోన్ సాయంతో టేకు తోట నాటించిన నిలంబూరు అదే. నరికిన టేకుకు బదులు నాటాలన్న ఆలోచన పుట్టిన చోటే నరకొద్దన్న కేసు కూడా పుట్టడం నాకు ఎప్పుడు తలుచుకున్నా తమాషాగా ఉంటుంది.

దీనితో ఏమైందంటే, మంచి వడ్రంగులు పాత ఇళ్ల మీద పడ్డారు. కూల్చిన ఇంటి దూలాలు, వాసాలు, గడపలు కారైకుడి పాతసామాన్ల అంగళ్ల నుంచి తెస్తారు. వందేళ్లు కప్పు కింద ఆరిన చెక్క అది. ఎండి ముడుచుకోవాల్సినంత ముడుచుకుంది, ఇక మిగిలింది ఏటేటా వచ్చే ఆ కదలికే. ఒకటే చిక్కు, లోపల ఎక్కడో విరిగిన మేకు దాక్కుని ఉంటుంది. దాని మీదికి చిత్రిక పోతే బ్లేడు అంచు విరుగుతుంది. అందుకే పాత చెక్క ముందు పెట్టుకుని మొదట అయస్కాంతం తిప్పి చూస్తారు.

టేకును ఎందుకింత నెత్తిన పెట్టుకుంటారని అడగొచ్చు. బొంబాయిలో వాడియాల ఓడశాలలో మలబారు టేకుతో కట్టి 1817లో నీళ్లలోకి దించిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇప్పటికీ ఇంగ్లండులో నీళ్ల మీద తేలుతూ ఉంది. టేకులో సహజంగానే నూనె ఉంటుంది, చెద అంత తేలిగ్గా ముట్టదు. అన్నిటికంటే ముఖ్యం, కదలిక తక్కువ. పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండేదాకా టేకు పలక వలయాల వెంబడి సుమారు 5 శాతం ముడుచుకుంటుంది, గుండె నుంచి బెరడు వైపుకి అందులో సగమే. పొడవులో మాత్రం దాదాపు కదలదు. ఈ మూడు అంకెలు గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తాయి. అయితే టేకు ఒక్కటే చెక్క కాదు. పనస ఉంది, బొబ్బిలి వీణ ఆ చెక్కే. వేప ఉంది, దిరిసెన ఉంది, గంగరావి ఉంది. ఇరుగుడు చెక్క, అదే రోజ్‌వుడ్, ఇప్పుడు దొరకడం గగనం. 2017 నుంచి దాని విదేశీ వ్యాపారం మీద అంతర్జాతీయ నియంత్రణ కూడా పడింది. మామిడిచెక్క మా వైపు బోలెడు. తోట ముసలిదైతే నరుకుతారు. చవక గానీ, పురుగు త్వరగా పడుతుంది. కొండకు అటువైపు నుంచి రబ్బరు చెక్క వస్తుంది. పాలు తీసి తీసి పాతికముప్పై ఏళ్లకు నరికిన చెట్లవి. బోరాక్సు, బోరిక్ యాసిడ్ పట్టించి ఎండబెట్టకపోతే ఆ చెక్క నెలల్లో పిండి రాలుస్తుంది. సరిగ్గా చేస్తే మాత్రం కుర్చీకి బాగానే పనికొస్తుంది. రబ్బరు చెక్క అనగానే ముఖం చిట్లించేవాళ్లతో నేను ఏకీభవించను.

చెక్క కొన్నాక వెంటనే పనికి దిగేవాడు వడ్రంగి కాదు, తొందరపాటువాడు. అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. మా ఎండకు అంత పట్టదు గానీ, ఎండలో పెడితే అసలుకే మోసం. పలకలను నీడలో, నేల తగలకుండా దిమ్మెల మీద పేరుస్తారు. ప్రతి రెండు పలకల మధ్యా ఒకే మందమున్న సన్న బద్దలు వేస్తారు. ఆ బద్దలు కిందినుంచి పైదాకా ఒకే వరసలో, ఒకదాని నెత్తిన ఒకటి ఉండాలి. వరస తప్పితే పలక అక్కడ వంగిపోతుంది. పైన బరువు పెడతారు. పలక కొసలకు మైనమో, మిగిలిపోయిన రంగో పూస్తారు. ఎందుకంటే చెక్క తడిని పొట్టలోనుంచి కంటే కొసల్లోంచి చాలా వేగంగా వదిలేస్తుంది. ఆడి గాలికి పూతలేని కొస టప్పున చీలుతుంది. వేప, మామిడి లాంటివైతే దుంగను ముందు చెరువులో నానవేసే అలవాటు కూడా ఉండేది. పురుగుకి ఇష్టమైన పిండిపదార్థం నీళ్లలోకి దిగిపోతుంది. ఇప్పుడు చెరువులో దుంగ వేస్తే మర్నాటికి ఉండదేమో అని భయం.

ఇక పనిముట్లు.

వడ్రంగి కొట్టంలోకి అడుగుపెడితే ముందు కనిపించేది బాడిస. పాతతరం వడ్రంగి బాడిసతోనే సగం పని కానిచ్చేవాడు. కింద కూర్చుని, చెక్కను కాలివేళ్లతో నొక్కిపట్టి, బొటనవేలికి రెండంగుళాల దూరంలో బాడిస దించేవాడు. చూసేవాళ్ల గుండె జారేది, ఆయన మాత్రం వెనక ఎవరితోనో పెళ్లి కబుర్లు చెబుతూనే ఉండేవాడు. ఇప్పుడు బల్ల ముందు నిలబడి చేస్తున్నారు. నడుముకు మంచిది. పెద్ద కోత రంపం అంటే పైనొకడు, కిందొకడు నిలబడి దుంగను పలకలుగా కోసే రంపం. అది దాదాపు గోడకెక్కింది. ఆ పని మిల్లు చూసుకుంటోంది. తాడుచుట్టి తిప్పే బర్మా స్థానంలో బ్యాటరీ డ్రిల్లు వచ్చింది. ఈ మార్పులు చూసి కంటతడి పెట్టాల్సిన పనేమీ లేదు. దుంగ కోసి భుజాలు పోగొట్టుకున్నవాళ్లను అడగండి, మిల్లుకే దండం పెడతారు.

మారనివి రెండున్నాయి. ఉలి, చిత్రిక.

ఉలి సంగతి కాస్త తీరికగా చెబుతాను. కొత్త ఉలి కొని తెచ్చి అలాగే వాడేవాళ్లున్నారు. అది ఇంకా ఉలి కాదు, ఇనప ముక్కే. మొదట దాని వీపును రాయి మీద చదును చేయాలి. ఏటవాలుగా ఉన్న ముఖం సంగతి తర్వాత, చదునైన వీపు ముందు. అంచు అనేది రెండు తలాలు కలిసే గీత. ఒక తలం గుంటలు పడి ఉంటే రెండో తలాన్ని ఎంత సానబట్టినా అంచు రాదు. వీపు అద్దంలా మెరిసి, అందులో కిటికీ చువ్వలు కనిపించాక ఏటవాలు ముఖం పట్టుకోవాలి. ఆ వాలు 25 డిగ్రీలు. చివర అంచు దగ్గర మాత్రం కొంచెం పైకెత్తి 30 డిగ్రీలు పట్టిస్తారు. మరీ సన్నగా పడితే గట్టి చెక్కలో అంచు విరుగుతుంది, మరీ మొద్దుగా పడితే దిగదు. రాయి మీద కాస్త నూనె వేసి, మణికట్టు కదలకుండా, భుజంతో లాగాలి. వీపు వైపు వేలితో తడిమితే సన్నటి ఇనపపొర ఒకటి తగులుతుంది. అది లేచిందంటే అంచు వచ్చినట్టు. వీపు తిప్పి ఒకసారి, ముఖం ఒకసారి పట్టి ఆ పొర ఊడగొట్టాలి. ముంజేతి వెంట్రుక గొరుగుతుందా అని చూస్తారు. మంసాపురం కొట్టంలో పెద్దాశారి ఒకాయన అసలు పరీక్ష వేరే ఉందనేవారు. మెత్తటి చెక్క కొస మీద ఉలి దించమనేవారు. "గట్టి చెక్కను ఎవడైనా కోస్తాడు తంబీ, మెత్తదాన్ని నలపకుండా కొయ్యి చూద్దాం." మొద్దు ఉలి మెత్తటి పోగును కోయదు, నలిపేసి పక్కకి తోస్తుంది.

టేకుతో మరో తలనొప్పి. ఆ చెక్కలో సన్నని ఇసుకలాంటి సిలికా ఉంటుంది. పొద్దున పట్టిన పదును మధ్యాహ్నానికి పోతుంది. అందుకే టేకు పని చేసేవాడి పక్కన సానరాయి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పదును పట్టడం పనికి ముందు చేసే తయారీ అనుకుంటారు గానీ, అది పనిలో భాగం. గంటకోసారి లేచి రాయి దగ్గరికి పోనివాడి చేతిలో ఉలి జారి ఎడమచేతిలో దిగుతుంది. ఆస్పత్రికి పోయే గాయాలు ఎక్కువగా మొద్దు ఉలి చేసేవే.

చిత్రిక పట్టడంలో కళంతా చెక్క వాటం చూడటంలో ఉంది. పలక పక్కభాగం చూస్తే పోగు ఎటు ఎగబాకుతోందో తెలుస్తుంది. ఆ ఎగబాకే వైపుకి తోస్తే ఉల్లిపొరలాంటి చుట్ట లేచి బ్లేడు పక్కన దొర్లుతుంది. ఎదురు తోస్తే పోగు పెళ్లలుగా లేచిపోతుంది, పలక గరుకెక్కుతుంది. ఆ గరుకును తర్వాత ఎంత పేపరు పట్టి రుద్దినా పాలిష్ వేయగానే మచ్చలా కనబడుతుంది. పలక చదునైందా లేదా అన్నది కంటితోనే చూస్తారు. ఒకే వెడల్పున్న రెండు తిన్నని బద్దలు తీసుకుని, పలకకు ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి అడ్డంగా నిలబెట్టి, ఒక కన్ను మూసి చూస్తారు. రెండు బద్దల పై అంచులూ ఒకే గీతగా కనిపిస్తే పలకలో మెలి లేనట్టు. వెంట్రుకవాసి మెలి ఉన్నా పొడుగు బద్దలు దాన్ని పెద్దది చేసి చూపిస్తాయి. నాలుగు కాళ్ల బల్ల మూడు కాళ్ల మీదే నిలబడటానికి చాలాసార్లు కారణం ఆ మెలి.

గీతలు గీయడానికి పెన్సిలు వాడతారా, కత్తిమొన వాడతారా అన్నది చూస్తే ఆ వడ్రంగి ఏపాటివాడో సగం తెలిసిపోతుంది. పెన్సిలు గీతకు మందం ఉంటుంది. ఆ మందంలో ఎటువైపు కోయాలన్నది ఊహ. కత్తిగీతకు మందం లేదు, పైగా ఉలి మొన వచ్చి అందులో తనంతట తాను కూర్చుంటుంది.

ఇక కూర్పు. కుసి, బెజ్జం. ఇది తెలిస్తే మంచం, కుర్చీ, బల్ల, తలుపు అన్నీ తెలిసినట్టే. పట్టె కొసను సన్నగా చెక్కి కుసి చేస్తారు, కాలిలో దానికి సరిపడా బెజ్జం తొలుస్తారు. కుసి మందం పట్టె మందంలో మూడో వంతు ఉండాలని పెద్దల లెక్క. ఎక్కువైతే బెజ్జం గోడలు పలచనై కాలు చీలుతుంది, తక్కువైతే కుసి విరుగుతుంది. బెజ్జం నడుమ మొదలుపెట్టి కొసల వైపు తొలుచుకుంటూ పోవాలి. రెండు కొసలనూ చివరికి ఉంచాలి. ఎందుకంటే ముక్కలు ఎత్తిపోయడానికి ఉలిని ఆనించి తిప్పేది ఆ కొసల మీదే. ముందే కొసలు శుభ్రం చేసుకుంటే ఆ తిప్పుడికి అంచులు నలిగి బయటికి కనిపిస్తాయి. కుసిని గీత మీద కాదు, గీతకు బయటి వైపు కోస్తారు. ఎక్కువుంటే తీయొచ్చు, తక్కువైతే అతికించలేం. పని సరిగ్గా కుదిరితే కుసి చేత్తో సగం దిగి, మిగతా సగం కొయ్యసుత్తితో రెండు మూడు దెబ్బలకు దిగుతుంది. ఇనపసుత్తి ఎత్తాల్సి వచ్చిందంటే కాలు చీలబోతోందన్నమాట. దానంతటది దిగిపోతే ఇక బంక మీదే భారం.

ఇక్కడే పాతవాళ్ల తెలివి ఒకటుంది. కాలికి అడ్డంగా బెజ్జం గోడల్లోంచి ఒక చీలకు రంధ్రం వేస్తారు. కుసి దూర్చి, ఆ రంధ్రంలోంచి బర్మా మొనతో కుసి మీద గుర్తు పెడతారు. కుసి బయటికి తీసి, సరిగ్గా గుర్తు మీద కాకుండా పట్టె వైపుకు ఒక మిల్లీమీటరు జరిపి రంధ్రం వేస్తారు. తిరిగి దూర్చాక రెండు రంధ్రాలూ ఎదురెదురుగా ఉండవు, కాస్త తేడాగా ఉంటాయి. బాగా ఎండిన వెదురు చీల మొన సన్నగా చెక్కి అందులో దిగేస్తే, అది వంకర దారిలో పోతూ కుసిని లోపలికి లాగి బిగిస్తుంది. బంక చుక్క లేకపోయినా ఆ కూర్పు వదలదు. ఏడాదికోసారి చెక్క ముడుచుకున్నా చీల లాగుతూనే ఉంటుంది. మిల్లీమీటరు బదులు మూడు మిల్లీమీటర్లు జరిపితే మాత్రం చీల విరుగుతుంది, లేదా కుసి కొస పగులుతుంది. ఆ మిల్లీమీటరు ఎవరూ కొలిచి చూసుకోరు. చేతికి తెలిసిపోతుంది.

ఇందాక అంకెలు గుర్తుంచుకోమన్నాను. మూడడుగుల వెడల్పున్న భోజనాల బల్ల తీసుకోండి. ఆడి గాలికీ కార్తీక వానకూ మధ్య దాని పై పలక వెడల్పులో నాలుగైదు మిల్లీమీటర్లు తేలిగ్గా కదులుతుంది. కింద చట్రం అడ్డపట్టెల్లో పోగు వాటి పొడవు వెంబడే ఉంటుంది కాబట్టి అవి కదలవు. కదిలేదాన్ని కదలనిదానికి బంక పూసి, స్క్రూలు గట్టిగా బిగించి కట్టేస్తే ఏమవుతుంది? పలక నడిమికి చీలుతుంది. కొత్తబల్ల కొన్న ఏడాదికే పగిలిందని చెక్కను తిట్టేవాళ్లను చూశాను. చెక్క తప్పేం లేదు. తెలిసినవాడు స్క్రూ పట్టే రంధ్రాన్ని గుండ్రంగా కాకుండా పలక కదిలే దిశలో కోలగా చేస్తాడు. లేదా చిన్న కొయ్యబిళ్లలను చట్రంలోని గాడిలో దూర్చి, పలకకు మాత్రమే బిగిస్తాడు. పలక కదిలినప్పుడు బిళ్ల గాడిలో జరుగుతుంది. అలమారు తలుపులో నడిమి పలకదీ ఇదే కథ. చుట్టూ చట్రం, లోపల గాడి, గాడిలో పలక. పలకకు బంక వేయరు. వేసినవాడు పని తెలియనివాడు.

ఊయల బల్ల దగ్గర ఇంకో చిక్కు. మా వైపు పెళ్లిళ్లలో ఊంజల్ లేకపోతే పెళ్లే కాదు. వధూవరుల్ని కూర్చోబెట్టి ఊపుతూ పాటలు పాడతారు. ఏడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండంగుళాల మందం బల్ల అంటే ఒకటీ ముప్పాతిక ఘనపుటడుగుల టేకు, ముప్పై కిలోల పైమాట. అంత వెడల్పు ఒకే పలకలో వస్తే అదృష్టం, రాకపోతే రెండు మూడు అతుకుతారు. ఎండే పలక ఎప్పుడూ బెరడు వైపు ముఖం దొప్పలా గుంట పడుతుంది, గుండె వైపు ఉబ్బుతుంది. కాబట్టి గుండె వైపు పైకి పెడితే కూర్చునేచోట గుంట పడదు. రెండు ముక్కలు అతికేటప్పుడు గుండె వైపులు ఒకటి పైకీ ఒకటి కిందికీ పెట్టాలని కొందరు, అన్నీ పైకే పెట్టి కింద అడ్డపట్టీలు వేయాలని కొందరు. కొట్టంలో ఈ వాదన మొదలైతే టీ చల్లారిపోతుంది. నాది రెండో పక్షం, అడ్డపట్టీల స్క్రూ రంధ్రాలు కోలగా ఉంటే.

బంక గురించి కొద్దిగా. పాతకాలంలో వజ్రం, అంటే పశువుల తోలూ ఎముకలూ ఉడికించి తీసిన బంక, గిన్నెలో వేడినీళ్ల మీద కరిగించి వేడి వేడిగా పూసేవారు. కొట్టమంతా ఒకటే వాసన. 1959లో ఫెవికాల్ వచ్చాక ఆ గిన్నె పొయ్యి దిగింది. తెల్లబంక సుఖం, గట్టితనం రెండూ నిజమే. టేకు నూనె చెక్క కాబట్టి, చిత్రిక పట్టిన వెంటనే పూయాలి, మర్నాటికి వాయిదా వేస్తే పట్టు తగ్గుతుంది. బిగింపుకు ఇనప క్లాంపులు లేని కొట్టంలో తాడు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెడతారు. చట్రం బిగించాక రెండు కర్ణాలూ తాడుతో కొలుస్తారు. సమానంగా లేకపోతే బంక ఆరేలోపే పొడుగు కర్ణం వైపు నొక్కాలి. పాలిష్ అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్క, మెత్తటి గుడ్డ ముద్దతో పూతమీద పూత. వేడి గిన్నె పెడితే తెల్లటి ముద్ర పడుతుంది, అది దాని జబ్బు. దాన్ని మళ్లీ కొద్దిపాటి పూతతో సరిచేయొచ్చు, అది దాని మంచితనం.

ప్లైవుడ్ సంగతి ఎవరైనా అడుగుతారు. పొరమీద పొరను పోగు అడ్డంగా, నిలువుగా మార్చి మార్చి అతికిస్తారు కాబట్టి చెక్క కదలిక సమస్యను అది నిజంగానే తీర్చింది. వంటింటి అరలకు దాన్ని మించింది లేదు. ఐ.ఎస్. 303 అంటే మామూలు రకం, ఐ.ఎస్. 710 అంటే నీళ్లకు తట్టుకునే రకం. సింకు కింద మొదటిది వేసి రెండోదాని డబ్బు తీసుకునేవాళ్లుంటారు, ముద్ర చూసుకోండి. పొడి అతికించిన పార్టికల్ బోర్డు కుర్చీ మాత్రం నాకు ససేమిరా నచ్చదు. స్క్రూ ఒకసారి వదిలితే తిరిగి పట్టుకునే చెక్క దానిలో లేదు.

యంత్రాలతో వచ్చిన కీడు ఒకటుంది. ఉలి, చిత్రిక పొట్టు తీస్తాయి, యంత్రం పొడి చేస్తుంది. గట్టి చెక్కల సన్నపొడి ముక్కు లోపల క్యాన్సరుకు కారణమని 1995లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో చేర్చింది. రౌటరు, శాండింగ్ మిషను ముందు భుజాన తువ్వాలుతో నిలబడే కుర్రవాళ్లను చూస్తే కోపమొస్తుంది. ఆ తువ్వాలు ముక్కుకైనా కట్టుకోరు. నిజానికి తువ్వాలూ చాలదు, సరైన మాస్కు కావాలి.

ఈ పని నేర్చుకునేవాళ్లు తగ్గారా అంటే, తండ్రి దగ్గర నేర్చుకునేవాళ్లు తగ్గారు. 1950లో మొదలైన ప్రభుత్వ పథకం కింద ఐ.టి.ఐ.ల్లో వడ్రంగం ఏడాది కోర్సుగా ఉంది. 2023లో కేంద్రం తెచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకు పనిముట్లకని 15,000 రూపాయల సాయం ఉంది. తెలుగు రాష్ట్రాల్లో వింటున్నవాళ్లు మీ ఊరి వడ్రంగికి ఈ మాట చెప్పండి. ఆ డబ్బుతో గ్రైండరు కొనాలని అందరికీ ఉంటుంది, రెండు మంచి ఉలులూ ఒక మంచి సానరాయీ కొనమని నా సలహా. మా వైపు ఆయుధపూజనాడు పనిముట్లన్నీ కడిగి, గంధం, కుంకుమ పెట్టి, మరమరాలు నైవేద్యం పెడతారు. ఆ రోజు ఎవరూ ఉలి ముట్టరు. ఆ మధ్య ఒక కొట్టంలో బ్యాటరీ డ్రిల్లుకూ బొట్టు పెట్టి, దాన్ని ఛార్జింగుకు పెట్టి ఉంచారు. పూజకూ పనికీ రెండిటికీ సరిపోయింది.

చివరగా, సామాను చేయించుకునేవాళ్లకు రెండు మాటలు. పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక మంచం చేయించడానికి పోకండి. చెక్కకు ముందుగా డబ్బిచ్చి, కనీసం ఒక ఎండాకాలం దాన్ని కొట్టంలో ఉండనివ్వండి. వానల్లో కోసిన కుసి ఎండల్లో వదులవుతుంది. అలమారు తలుపు వానాకాలంలో పట్టేస్తోందని చిత్రిక పట్టించేయకండి, మాఘం దాకా ఆగి చూడండి. వానల్లోనే పట్టిస్తే ఎండల్లో సందు పడి బొద్దింకలు దూరతాయి.

ఊగుతున్న పాత కుర్చీ ఉంటే దానికి మేకు కొట్టకండి. మేకు చెక్కను చీలుస్తుంది, తుప్పుపట్టి టేకును నల్లబరుస్తుంది. తర్వాత బాగుచేసేవాడికి దారి మూసేస్తుంది. అది వజ్రంతో అతికిన కాలంనాటిదైతే కూర్పు మీద వేడినీళ్ల గుడ్డ కాసేపు ఉంచితే బంక దానంతటదే వదులుతుంది. విప్పి, పాతబంక గీకి, కుసి కొసలో రంపంతో చిన్న గాటు పెట్టి, అందులో సన్నటి చెక్కమేకు పెట్టి తిరిగి దూరిస్తే, లోపలికి దిగేకొద్దీ కుసి విచ్చుకుని బెజ్జం నిండుతుంది. ఫెవికాల్‌తో అతికినదైతే ఇంత సుఖంగా విడదు. అప్పుడు వడ్రంగి తల గోక్కుంటాడు, ఓ పూట ఎక్కువ కూలి అడుగుతాడు. ఇవ్వండి.